తినకుండా రాసిన సీమపనస రిపోర్టు

మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు మొన్న ఇంటికి వచ్చారు. "మీ సర్వీసులో మరిచిపోలేని పని ఒకటి చెప్పండి సర్" అన్నారు. నేను పెంచిన నర్సరీల గురించో, అందుకున్న మెచ్చుకోలు కాగితం గురించో చెబుతాననుకున్నట్టున్నారు. అవన్నీ సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. అందులో ఎక్కనిది ఒకటుంది. నోటితో చెప్పబోతే ఆ రోజు మాట సరిగ్గా రాలేదు. అందుకని ఇలా రాసి ఇస్తున్నాను. మీకు తెలుగు మాట్లాడినంత సులువుగా చదవడం రాదని నాకు తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించుకోండి, వాళ్ళూ ఒకసారి వింటారు.

నేను పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోని గోల్ ఘర్‌లో. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి హార్బర్ పనికి వచ్చి, మళ్ళీ ఓడ ఎక్కకుండా ఇక్కడే ఉండిపోయాడు. నేను ప్రభుత్వ తోటల శాఖలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరి, ఫీల్డ్ అసిస్టెంటుగానే రిటైరయ్యాను. పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఊరూరా తిరిగి చెట్లు లెక్కపెట్టడం, రకాలు రాసుకోవడం, నర్సరీలో అంట్లు కట్టించడం, పైవాళ్ళకు రిపోర్టు పంపడం. రిపోర్టు రాసినవాడి మాటే చెట్టు మాట. చెట్టు ఆఫీసుకు వచ్చి కాదనదు గదా.

ఆఫీసులో నాకు వెనకాల ఒక పేరుండేది, శక్కీ సాబ్ అని. అనుమానాల మనిషి అన్నమాట. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. సర్వీసులో చేరిన కొత్తలో చౌల్దారీ అనే ఊళ్ళో ఒక రైతు తన నిమ్మచెట్టుకు కొబ్బరికాయంత కాయలు కాస్తున్నాయని చెబితే నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరును వెంటపెట్టుకొని తీసుకెళ్ళాను. ఆయన ముచ్చటపడి ఒక కాయ పట్టుకు లాగితే, కాయతోపాటు చేపల గాలానికి కట్టే నైలాన్ దారం కూడా వచ్చింది. ఆయన రైతు వైపు చూడలేదు, నా వైపు చూశాడు. ఆ రోజు నుంచి ఎవరు ఏ కాయ చూపించినా ముందు తొడిమ చూసేవాణ్ణి. తర్వాత ఆ మనిషి ముఖం చూసేవాణ్ణి. తర్వాత ఆ మనిషికి దీనివల్ల ఏం కలిసొస్తుందా అని ఆలోచించేవాణ్ణి. అనుమానం పెనుభూతం అంటారు. నాకు మాత్రం అది జీపులో పక్కసీటులో కూర్చొని తిరిగేది.

మా మొదటి ఆఫీసరు ఇంకో పాఠం కూడా నేర్పాడు. "తనిఖీకి వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకు. వాళ్ళ ఉప్పు తింటే నీ కలం వంగుతుంది." దాన్ని నేను వేదంలా పాటించాను. మా డ్రైవరు మాత్రం ఏ ఇంట్లో ఏం పెట్టినా తినేవాడు. రాంచీ నుంచి వచ్చిన వాళ్ళ కుటుంబం, మూడు తరాలుగా ఇక్కడే. తెలుగు మనకంటే బాగా మాట్లాడేవాడు. "సాబ్, నేనేం రిపోర్టు రాయాలా? బండి తోలేవాడికి కడుపే స్టీరింగు" అనేవాడు.

నా సర్వీసు ఇంకో రెండేళ్ళు మిగిలుండగా సీమపనస సర్వే వచ్చింది. పుస్తకాల్లో సీమపనస అంటాం గానీ మన బజారులో అందరూ బ్రెడ్‌ఫ్రూట్ అనే అడుగుతారు. దీవుల్లో ఇళ్ళ వెనక ఎప్పటినుంచో ఉన్న పాత రకాలు ఏవో తేల్చి, అరుదైనవాటి వేళ్ళ ముక్కలు తెచ్చి నర్సరీలో పెంచాలి. ఎందుకంటే మంచి సీమపనసలో గింజ ఉండదు. వేరు నుంచే పిలక రావాలి. చెట్టు పోతే రకమూ పోతుంది.

దానికోసం మెయిన్‌ల్యాండ్ నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చింది, చిన్న వయసు అమ్మాయి. వారం రోజులు మా జీపులోనే తిరిగింది. దారిలో పసిఫిక్ దీవుల సంగతులు చెప్పేది. అక్కడ ఒక్కో దీవిలో సీమపనసకు ఎన్నో పేర్లట. ఒకటి నిప్పుల మీద కాల్చుకోవడానికి, ఒకటి ఉడకబెట్టడానికి, ఒకటి ఆకులు పరిచిన గోతిలో పులియబెట్టి కరువు నెలలకు దాచుకోవడానికి. చెట్టు పాలు పడవ సందులు పూడ్చడానికి, ఎండిన పూల కాడలు దోమలకు పొగ పెట్టడానికి వాడతారట. "ఆ పేర్లన్నీ ఎవరు పెట్టారో తెలుసా సర్? వండుకొని తినేవాళ్ళు" అంది.

"పేర్లకేముంది మేడమ్, ఎన్నైనా పెట్టొచ్చు. చెట్టు ఒకటే" అన్నాను నేను. డ్రైవరు నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. వెళ్ళేటప్పుడు మిగిలిన ఊళ్ళు నాకు అప్పగించి, "వండేవాళ్ళను అడగండి సర్" అని మాత్రం చెప్పింది.

అదే ఏడాది వండూర్ వైపు సముద్రం ఒడ్డు రోడ్డును వెడల్పు చేసే పని మొదలైంది. రోడ్డు పక్క చెట్లు ఏవి కొట్టొచ్చో, ఏవి కొట్టకూడదో మా శాఖ రాసివ్వాలి. ఒక ఇంటి దగ్గర సీమపనస చెట్టు రోడ్డు పక్కన తవ్వబోయే వాననీటి కాలువకు అడ్డొచ్చింది. అరుదైన రకమని మేం రాస్తే కాలువను రోడ్డుకు అవతలి వైపు తవ్వుతారు. అటు ఖాళీ స్థలమే. మామూలు రకమని రాస్తే చెట్టూ పోతుంది, దాని పక్కనున్న వంట పాక కూడా పోతుంది. ఇంతకంటే అనుమానపడడానికి నాబోటివాడికి ఏం కావాలి?

ఆగస్టులో ఒక ఉదయం వెళ్ళాం. వాన ఆగి ఎండ కాస్తోంది. చేపలు పట్టుకొని బతికే కుటుంబం. ఇంటి పెద్ద ఒక ముసలావిడ. భర్త పోయాడు, కొడుకు డింగీ పడవ మీద వేటకు వెళ్ళాడు. ఆవిడ మమ్మల్ని చూసి కుర్చీ వేసింది. కుర్చీ కింద దోమలకని ఎండిన పూల కాడ ఒకటి అంటించి పెట్టింది. వేలంత లావున, పొడుగ్గా, అగరుబత్తిలా నిలకడగా కాలుతోంది. శాస్త్రవేత్త చెప్పిన మాట గుర్తొచ్చింది. 'ఈవిడకు ముందే ఎవరో నేర్పి పెట్టారు' అనుకున్నాను. అప్పటికి నా బుద్ధి అలా పనిచేసేది.

"రా బాబూ, కూకో. ఎండలో వొచ్చినారు. ముందు ఏటైనా తిను, తరవాత రాసుకుందువు గాని."

"తర్వాత చూద్దాం అమ్మా. ముందు చెట్టు చూపించు."

చెట్టు ఇంటి వెనక, రోడ్డుకు ఆనుకొని ఉంది. ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందనంత మొదలు. తలెత్తి చూస్తే భూమి వైపు కొమ్మలకు గుండ్రటి, నున్నటి, పెద్ద కాయలు. సముద్రం వైపు కొమ్మలకు చిన్న కాయలు, గరుకు తోలు, అప్పుడప్పుడే ఊరుతున్నవి.

"ఇది ఒక సెట్టు కాదు బాబూ, రెండు" అంది ఆవిడ.

నేను మొదలు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. "ఏదమ్మా రెండోది?"

"ఇదే. రెండూ ఇందులోనే ఉన్నాయి. మా అత్త ఒకే గోతిలో పాతింది. అప్పుడిదంతా అడివి. సాపు సేసుకున్న కాడ ఇల్లు, ఇంటెనక ఒక గొయ్యి. సముద్రం గాలికి ఒకటి ఒరిగితే ఇంకోటి పట్టుకుంటాదని పక్కపక్కన పెట్టింది. పెరిగి పెరిగి అతుక్కుపోనాయి."

"మరి కాయలు?"

"భూమి పక్కది ఊరోళ్ళ దగ్గర తెచ్చింది. ఏపుడికి, పులుసుకి బాగుంటాది. మే నుంచి ఇప్పటిదాకా కాస్తాది. సముద్రం పక్కది నికోబార్ మనిషి కొబ్బరి ఓడలో ఏరు ముక్క తెచ్చి మా మావకి ఇచ్చినాడు. అది ముసురు పట్టినాకే కాస్తాది. డింగీలు కట్టేసినప్పుడు, మెయిన్‌ల్యాండ్ ఓడ రానప్పుడు అదే మాకు కూడు. నిప్పుల మీద కాల్సుకొని కొబ్బరి కోరు, ఎండు సేపతో తింటాం. మా అత్త అనేది, ఒకటి ఉన్ననాటికి, ఒకటి లేనినాటికి అని."

చెప్పిన తీరు మరీ నున్నగా ఉంది. రెండు రకాలు, రెండు కాలాలు, పైగా సామెతలాంటి మాట ఒకటి. నిజం అంత అందంగా ఉండదని నా నమ్మకం. సముద్రం వైపు మొదలు మీద కత్తి గాట్లు కనిపించాయి. వరసగా, కొన్ని మానినవి, కొన్ని కొత్తవి.

"ఈ గాట్లేమిటి?"

"పాలకి. డింగీకి సిల్లు పడితే ఆ పాలు కాసి పూస్తారు. ఆ పక్క పాలే పట్టుకుంటాయి. ఈ పక్కవి నీళ్ళలాగుంటాయి, ఏటికీ పనికిరావు."

నాకు కావలసింది దొరికింది. గాట్లు పెట్టిన వైపు చెట్టు బలహీనపడుతుంది. దానికి తోడు ఉప్పుగాలి. అందుకే అటు కాయ చిన్నది, గరుకు, ఆలస్యం. ఆకుల చీలికలు రెండు వైపులా వేరుగా ఉన్నాయి నిజమే. కానీ సీమపనసలో లేత కొమ్మ ఆకు ఒకలా, ముదురు కొమ్మ ఆకు ఒకలా ఉండడం కూడా మామూలే. ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పుకుంటూ పోయాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేను పట్టిన చెట్టుకు ఒకటే మొదలు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ అల్యూమినియం పళ్ళెంలో తెచ్చి నా ముందు పెట్టింది. ఒక పక్క ఎర్రగా వేయించిన ముక్కలు, పైన కారం. ఇంకో పక్క నిప్పుల మీద కాల్చి తోలు తీసిన తెల్లటి ముక్క, దాని మీద కొబ్బరి కోరు. రెండింటికీ మధ్య వేలెడు ఖాళీ వదిలింది.

"మంచి నెల్లో వొచ్చినారు బాబూ. రెండూ దొరికేది ఈ ఒక్క నెల్లోనే. తిని సూడు, నాను సెప్పక్కర్లేదు. నీ నాలికే సెప్తాది."

నేను పళ్ళెం వెనక్కి నెట్టాను. "మేం డ్యూటీలో తినకూడదమ్మా."

ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు. అర్థం కానట్టు చూసింది. "తినకుండా ఎలా తెలుస్తాది బాబూ?"

పళ్ళెం డ్రైవరుకు వెళ్ళింది. రెండు పక్కలా ఖాళీ చేశాడు.

జీపు రోడ్డెక్కాక వాడు అన్నాడు. "సాబ్, రెండూ వేరే. ఏక్‌దమ్ వేరే. కాల్చింది శకర్‌కంద, అదే చిలగడదుంపలా ఉంది, నోట్లో పిండిపిండిగా. వేయించింది ఆలూ లాగా."

"కాలిస్తే ఒక రుచి, వేయిస్తే ఒక రుచి. కాయ ఒకటే" అన్నాను.

"అలాక్కాదు సాబ్. వేయించిన దాంట్లో ఆ తెల్లకాయ ముక్కలు రెండు కూడా ఉన్నాయి. అవీ వేరేగానే ఉన్నాయి. ఆవిడ అబద్ధం చెప్పే రకం కాదు సాబ్."

"పళ్ళెం నీకు ముట్టింది కాబట్టి నీకు అలాగే ఉంటుంది."

వాడు గేరు మార్చి రోడ్డు మీద చూపు పెట్టాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అన్నట్టు చూసేవాడితో ఏం మాట్లాడతాడు?

రిపోర్టు మర్నాడే రాశాను. చెట్ల సంఖ్య: ఒకటి. రకం: సాధారణం, నర్సరీలో ఇదివరకే ఉంది. సముద్రం వైపు కాయల తేడాకు కారణం: గాట్లు, ఉప్పుగాలి. కొట్టడానికి అభ్యంతరం లేదు. చేతిరాత బాగా కుదిరింది. నాకు గుర్తుంది, చదువుకొని తృప్తిపడ్డాను.

రిపోర్టుతో పంపిన ఫొటోలు చూసి శాస్త్రవేత్త ఫోన్ చేసింది. "సర్, నాకు ఆకులు చూస్తే డౌటుగా ఉంది. ఎందుకైనా మంచిది, రెండు వైపులా వేళ్ళ ముక్కలు తీయించండి. ఒక పూట పని."

"అవసరం లేదు మేడమ్. నేను కళ్ళారా చూశాను."

"తిన్నారా సర్?"

నాకు ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి నన్ను ఆ ప్రశ్న అడగడమేమిటి? "నేను తినడానికి వెళ్ళలేదు మేడమ్" అన్నాను. ఆ అమ్మాయి సరే సర్ అని పెట్టేసింది. నా అనుభవం మీద గౌరవంతో ఊరుకుంది. ఆ గౌరవం లేకపోయి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరిలో, ఎండాకాలం వస్తుండగా చెట్టు కొట్టారు. కొట్టినట్టు సంతకం పెట్టడానికి నేను వెళ్ళాలి. రెండు రోజుల ముందే తవ్వే మిషను వచ్చి సముద్రం వైపు కాలువ తవ్వేసింది. ఆ పక్క వేళ్ళన్నీ తెగి, మట్టితో కలిసి రోడ్డు వారన గుట్టగా పడి ఎండుతున్నాయి. వంట పాక విప్పేశారు. ముసలావిడ పొయ్యి రాళ్ళు మూడూ ఇంటి గోడ పక్కన పెట్టుకొని, అక్కడే నిలబడి చూస్తోంది.

రంపం మిషను మొదలు చివరిదాకా కోసింది. చెట్టు పడ్డాక రంపం పట్టినవాడు మిషను ఆపి, వంగి చూసి, నన్ను పిలిచాడు. "సాబ్, ఇధర్ దేఖో."

వెళ్ళి చూశాను. కోసిన మొదలు లేత పసుపు రంగులో తడిగా మెరుస్తోంది. చెట్టు ఒకటైతే నడుమ ఒక చుక్క ఉండాలి, దాని చుట్టూ చెట్టు పెరిగిన చుట్లు ఉండాలి. అక్కడ రెండు చుక్కలున్నాయి. మూరెడు ఎడంగా, రెండు. రెండింటి మధ్య ఈ అంచు నుంచి ఆ అంచుదాకా నల్లటి బెరడు గీత. రెండు చెట్లు ఒకదాన్నొకటి ఒత్తుకొని పెరిగినప్పుడు మధ్యలో నలిగిపోయిన బెరడు అది. గీతకు భూమి వైపు పాలు నీళ్ళలా పల్చగా జారుతున్నాయి. సముద్రం వైపు పాలు చిక్కగా, తెల్లగా, ఎక్కడ ఊరినవి అక్కడే గడ్డ కడుతున్నాయి.

ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది. చూపుడు వేలు ఒక చుక్క మీద పెట్టింది. తీసి రెండో చుక్క మీద పెట్టింది. తర్వాత వేలికంటిన పాలు చీరకు తుడుచుకొని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు కలిగినంత సిగ్గు నా జన్మలో కలగలేదు. నైలాన్ దారం రోజున కూడా కలగలేదు, ఎందుకంటే ఆ రోజు అబద్ధం చెప్పింది ఇంకొకడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. బూట్లతోనే కాలువలోకి దిగి, గుట్టలోంచి వేళ్ళు ఏరడం మొదలుపెట్టాను. డ్రైవరు కూడా దిగాడు. ఏది ఏ చెట్టు వేరో మట్టిలో తెలియడం లేదు. అందినవన్నీ జానెడు ముక్కలుగా నరికి, తడి గోనెసంచిలో వేసుకున్నాం. భూమి వైపు నేలలో మిగిలిన వేళ్ళు కూడా కొన్ని తీశాం. నర్సరీలో ఇసుక మడి కట్టి, నీడ వేసి, ఒక్కో ముక్కా నా చేతులతో పాతాను. శాస్త్రవేత్తకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి ఏ వైపు వేళ్ళు ఎన్ని దొరికాయో అడిగింది. తర్వాత, "సర్, నీళ్ళు ఎక్కువ పెట్టకండి, కుళ్ళిపోతాయి" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

రెండు నెలలకు ఏడు పిలకలు వచ్చాయి. రోజూ పొద్దున్న ఆఫీసుకు పోకముందే వాటి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. లేత ఆకులో చీలిక కాస్త లోతుగా కనిపిస్తే ఇది అదేనేమో అనుకునేవాణ్ణి. నాలుగు రోజులకు ఆకు ముదిరి మామూలుగా అయిపోయేది. అప్పటిదాకా ఉందన్న ప్రతిదాన్నీ లేదేమో అని అనుమానించినవాణ్ణి, ఇప్పుడు లేనిదాన్ని ఉందేమో అని అనుమానించాను.

చివరికి ఆవిడను రమ్మని డ్రైవరుతో కబురు పెట్టాను. జీపు పంపుతానంటే వద్దని బస్సులో వచ్చింది. మడి పక్కన కూర్చొని, ఒక్కో పిలక ఆకు చివర గోటితో గిల్లి, పాలు రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసింది.

"ఇది భూమి పక్కది."

రెండోదాని దగ్గరికి జరిగింది. "ఇదీ అదే." మూడోది. "ఇదీ."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్కదానికైనా వేరే మాట చెబితే బాగుండును, అబద్ధమైనా సరే చెబితే బాగుండును అనిపించింది. ఆవిడ అబద్ధం చెప్పే రకం కాదు. ఏడింటికీ అదే మాట చెప్పి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని లేచింది.

"ఎండలో పడున్న ఏళ్ళు సచ్చిపోనాయి బాబూ. నేలలో ఉన్నవి బతికినాయి. అంతే."

"ఆ రకం ఇంకెక్కడైనా ఉంటుందా అమ్మా?"

"ఇచ్చినోడి ఊరు ఒడ్డు సునామీకి పోనాది. ఇంకెవులికి ఇచ్చినాడో నాకు తెల్దు."

నేనూ డ్రైవరూ ఆ తర్వాత సెలవు రోజుల్లో ఒడ్డు వెంబడి చాలా ఊళ్ళు తిరిగాం. చెట్టు కనిపిస్తే ఆగి, ఇంట్లో ఆడవాళ్ళను అడిగి, పెట్టింది పెట్టినట్టు తిని చూశాం. డ్రైవరు ప్రతిసారీ నమిలి, తల అడ్డంగా ఊపేవాడు. ఆ రుచి తెలిసిన నాలుక మా ఇద్దరిలో వాడొక్కడిదే. నేను తింటున్నానే గానీ దేనితో పోల్చాలో నాకు తెలియదు.

రిటైరయ్యే ముందు ఆ ఫైలు తెప్పించి, నా రిపోర్టు కింద ఇంకో కాగితం కలిపాను. సంఖ్య ఒకటి కాదు, రెండు. రెండో రకాన్ని నేను గుర్తించలేదు. తప్పు నాది అని రాసి సంతకం పెట్టాను. మా ఆఫీసరు చదివి, "చెట్టే లేదు కదయ్యా, ఇప్పుడు ఒకటైతేనేం, రెండైతేనేం?" అన్నాడు. "ఫైలులోనైనా రెండుండనీయండి సర్" అన్నాను. ఆయన పాపం వద్దనలేదు. మెచ్చుకోలు కాగితం నాకు ఆ నెలలోనే ఇచ్చారు.

పిల్లలూ, మీరు అనుమానించడం మానేయమని నేను చెప్పడం లేదు. నైలాన్ దారాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంటివాళ్ళ ఉప్పు తింటే కలం వంగుతుందన్న మాట కూడా చెడ్డది కాదు. కానీ తినే కాయ రకం తేల్చడానికి వెళ్ళి, తినకుండా తేల్చాను. ఎదుటివాళ్ళ మీద పడినంత అనుమానం ఒక్కసారైనా నా కళ్ళ మీద పడి ఉంటే, ఆ పళ్ళెం వెనక్కి నెట్టేవాణ్ణి కాదు.

ఏడు పిలకల్లో మూడింటిని ఆవిడకే పంపాను. ఒకటి ఆవిడ పెరట్లో పాతుకుంది, రెండు పక్కిళ్ళకు ఇచ్చింది. నాలుగేళ్ళు గడిచాయి. పెరట్లోది కాపుకొచ్చిందని డ్రైవరు చెప్పినప్పటి నుంచీ ఒకసారి వెళ్ళాలనుకుంటూనే ఉన్నాను. ముఖం చెల్లక వాయిదా వేస్తూ వచ్చి, చివరికి పోయిన అక్టోబరులో వెళ్ళాను. వారం రోజులుగా ముసురు. సముద్రం కోపంగా ఉంది, డింగీలన్నీ ఒడ్డుకు లాగి కట్టేశారు. ఓడ రాలేదని బజారులో కూరగాయలు కూడా అంతంత మాత్రమే. ఈసారి ఏం పెట్టినా తినాలని పొద్దున్న ఇంట్లో టిఫిన్ కూడా చేయకుండా బస్సెక్కాను.

ఆవిడ అరుగు మీద కూర్చొని ఉంది. బాగా వంగిపోయింది. నన్ను గుర్తుపట్టి, "రా బాబూ, కూకో" అంది. అదే మాట, అదే గొంతు. నేను కూర్చోకుండా పెరట్లోకి చూశాను. చెట్టు ఇంటి కప్పు దాటి పెరిగింది. ఆకులు వానకు నిగనిగలాడుతున్నాయి. ఒక్క కాయ లేదు.

"ఈరోజు నీ చేత్తో పెట్టించుకొని తిందామని వచ్చానమ్మా" అన్నాను. "కాయలు లేవేం?"

"దీని కాపు ఆగస్టుకే అయిపోతాది గదా."

"మరి ఇప్పుడు..."

ఆవిడ సముద్రం వైపు, కాలువ గట్టు వైపు ఒకసారి చూసింది. అక్కడ సిమెంటు పలక మీద వాననీళ్ళు నిలిచి ఉన్నాయి.

"ఈ ముసురులో కాసేది నువ్వు రాయనేదు బాబూ" అంది.

దెప్పిపొడవలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. తర్వాత గోడ పట్టుకొని లేచి లోపలికి వెళ్ళి, అదే అల్యూమినియం పళ్ళెంలో ఒక గ్లాసు టీ, రెండు బిస్కెట్లు పెట్టి తెచ్చింది. నేను వద్దనలేదు.